ప్లీజ్ డిస్కస్

మా ఆఫీసులో అధికారం ఎక్కడుంటుందని ఎవరైనా అడిగితే కుర్చీ మీది టర్కీ తువ్వాలు చూపించను, కాలింగ్ బెల్లూ చూపించను. నోట్ ఫైల్లో సారు రాసే రెండే రెండు మాటలు చూపిస్తాను: ప్లీజ్ డిస్కస్.

మార్చిలో మా సెక్షన్ ఫ్యాను కాలిపోయింది. కొత్తది కావాలని ఫైలు పెట్టాను. సూపరింటెండెంటు గారు 'పరిశీలించవచ్చును' అన్నారు. ఏవో గారు 'పై నోటు చూడగలరు' అన్నారు. సారు ప్లీజ్ డిస్కస్ అన్నారు. ఎప్పుడో, ఎవరితోనో రాయలేదు. పసంతా అందులోనే ఉంది. సరే అంటే రేపు ఆడిట్ పారా వస్తుంది. వద్దంటే యూనియన్ వాళ్లు వస్తారు. డిస్కస్ అంటే ఎవరూ రారు, నేను తప్ప. సంతకం పెట్టి సస్పెండైనవాళ్లను చూశాను గానీ, పెట్టక సస్పెండైనవాణ్ణి నా సర్వీసులో చూడలేదు.

సోమవారం వెళ్తే గ్రీవెన్సు. మంగళవారం క్యాంపు. బుధవారం వీడియో కాన్ఫరెన్సు. గురువారం తలుపు ఓరగా తెరిచి ఉంది. సారు ఫోన్లో ఉన్నారు, కుర్చీలోంచి లేచి నిలబడి మరీ. అవతలివాళ్లకు కనపడదు కదా అనుకున్నాను. అలవాటు మరి. "సార్... సార్... ఎస్ సార్... ఇవాళే పెడతాను సార్." ఫోను పెట్టేశాక తువ్వాలు సర్దుకుని కూర్చుని, నన్ను చూసి "ఏంటయ్యా, టైమూ పాడూ లేదా?" అన్నారు.

ఒకప్పుడు గెజిటెడ్ వారి ఆకుపచ్చ సిరా సంతకం కోసం జనం జిరాక్సులు పట్టుకుని వరండాల్లో కాపు కాసేవారు. 2014లో కేంద్రం ఎవరి కాపీల మీద వాళ్లే సంతకం పెట్టుకోండి అంది. ఇక పచ్చరంగు వెలిసినట్టే అనుకున్నాం. ఈ-ఆఫీసు వచ్చింది. అందులో చిత్తు నోటు పేరు యెల్లో నోట్, ఖాయమైన దాని పేరు గ్రీన్ నోట్! కలం పోయినా పచ్చదనం పోలేదు.

సారు మా మీద ఏటా రాసే రహస్య నివేదికల సంగతీ అంతే. 2008లో దేవ్‌దత్ కేసులో, రాసిన ప్రతి ఎంట్రీనీ ఉద్యోగికి తెలియజేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు సారు ఏం రాస్తున్నారో తెలీక ఆయన జోకులకు నవ్వేవాళ్లం. ఇప్పుడు తెలుసు కాబట్టి నవ్వుతున్నాం.

ఏప్రిల్ ముదిరింది. సెక్షనంతా చందాలేసుకుని ఒక టేబుల్ ఫ్యాను కొన్నాం. పొద్దున పెట్టాం, మధ్యాహ్నానికి మెమో. అనుమతి లేకుండా ఆఫీసు కరెంటు వాడడం 1964 ప్రవర్తనా నియమావళికి విరుద్ధమట, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. దాని మీద ఎవరూ డిస్కస్ అనలేదు. నాలుగు సంతకాలు గంటన్నరలో పడ్డాయి.

సంజాయిషీ పట్టుకెళ్లాను. ఈసారి అటెండరు ఆపలేదు. లోపల సారు చొక్కా గుండీ ఒకటి విప్పుకుని ఫైలుతో విసురుకుంటున్నారు. కాగితం చూడలేదు.

"ఆ ఫ్యాను గాలి బాగా కొడుతుందా?"

"కొడుతుంది సార్."

"అయితే సాయంత్రం దాకా ఇక్కడ పెట్టించు. నా ఏసీ పాడై నెలయింది. ఫైలు హెడ్డాఫీసులో ఉంది." గొంతు తగ్గించారు. "డిస్కస్ అన్నారయ్యా."