చెట్టు తిరగేయడం వచ్చా?

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కావాలంటే ముందు చెట్టు తిరగేయడం రావాలి. వేళ్లు పైకీ కొమ్మలు కిందికీనా అని కంగారు పడకండి. కంప్యూటర్ సైన్సు వారి చెట్టుకు వేరు ఎలాగూ నెత్తి మీదే ఉంటుంది. ఇంటర్వ్యూలో అడిగేదల్లా ఎడమ కొమ్మను కుడికీ, కుడి కొమ్మను ఎడమకీ మార్చమని. మారుస్తారు. ఎందుకని మాత్రం అడగరు. ఉద్యోగంలో చేరాక ఆ చెట్టు నీడ కూడా కనబడదు. లాగిన్ పేజీలో బటన్‌ను రెండు పిక్సెళ్లు పక్కకు జరపడం, అది ఇంకా ఎందుకు జరగలేదో పొద్దున్నే స్టాండప్ మీటింగ్‌లో సంజాయిషీ ఇచ్చుకోవడం, అంతే.

ఈ చెట్టు ఉద్దండుల్నే బోల్తా కొట్టించింది. మ్యాక్ వాడే ప్రోగ్రామర్లలో చాలామందికి హోమ్‌బ్రూ అనే సాఫ్ట్‌వేర్ లేనిదే పూట గడవదు. దాన్ని రాసిన మ్యాక్స్ హోవెల్‌ను 2015లో గూగుల్ వద్దంది. మా వాళ్లలో 90 శాతం మంది వాడేది మీ సరుకే, అయినా బోర్డు మీద చెట్టు తిప్పలేరు కనుక దయచేయండి అన్నారని ఆయన ట్విటర్‌లో వాపోయాడు. వంటవాడి పప్పు లొట్టలేసుకుంటూ తిని, కందిమొక్క బొమ్మ గీయలేదని గెంటేసినట్టు.

ఇప్పుడు చాలా ఇంటర్వ్యూలు ఇంట్లోంచే. హాయే. "లాప్‌టాప్ ఎత్తి గదంతా ఓసారి చూపించండి. ఇయర్‌ఫోన్స్ తీసేయండి. చేతులు కనబడాలి. కళ్లు అటు పోతున్నాయేంటి?" గోడ మీద బల్లి ఉందన్నా నమ్మరు. ఇంటర్వ్యూ చేసేవాళ్ల బాధా నిజమే, పెదాలు ఒకరివి, గొంతు ఇంకొకరిది అయిన ప్రాక్సీలు దొరికారు మరి. డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగిన జనం కదా మనం. ఇక చాట్‌జీపీటీని ఇంటర్వ్యూలో అడిగితే దొంగ. చేరిన మర్నాడు అడక్కపోతే "ఏఐని అందిపుచ్చుకోలేదు" అని రేటింగ్‌లో కోత.

అన్ని రౌండ్లూ గట్టెక్కాక హెచ్‌ఆర్ మేడమ్ వస్తారు. ఆవిడ చెప్పే ప్యాకేజీలో పీఎఫ్‌కి కంపెనీ కట్టే వాటా, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ ప్రీమియం, వస్తే వచ్చే వేరియబుల్ పే అన్నీ కలిసిపోయి ఉంటాయి. చేతికెంతో తేలదు. తేల్చేలోపే అసలు ప్రశ్న వస్తుంది.

"నోటీస్ పీరియడ్ ఎంతండీ?"

"90 రోజులు మేడమ్."

"అమ్మో, అన్ని రోజులా? మాకు 15 రోజుల్లో చేరేవాళ్లు కావాలి. మీ మేనేజర్‌తో మాట్లాడి తగ్గించుకోండి."

"ట్రై చేస్తా మేడమ్. మీ దగ్గర నోటీస్ ఎంత?"

"90. అది మాత్రం కంపెనీ పాలసీ అండీ, తగ్గదు."