చోడవరం చక్రాల కుర్చీ

ఈ చక్రాల కుర్చీ పుట్టింది కాన్పూరు అలిమ్‌కో కర్మాగారంలో. కాపురం చోడవరంలో, గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బళ్లు పోయే రోడ్డు పక్కన. ఆ ఇంటి కోడలు డాబా మీంచి పడింది. ఛాతీ భాగంలో నాలుగో వెన్నుపూస దగ్గర వెన్నుపాము దెబ్బతింది. ఇప్పుడామెకు ఏడో నెల. కుర్చీ ఇద్దరిని మోస్తోంది.

బరువు పెరిగేకొద్దీ ఒత్తిడి పుండ్ల భయమూ పెరుగుతుంది. అందుకే పావుగంటకో అరగంటకో ఆమె రెండు చేతులూ కుర్చీ మీద మోపి ఒళ్లు పైకెత్తుతుంది. ఆ అరచేతుల తడి కుర్చీకి బాగా తెలుసు.

ఒక మధ్యాహ్నం ఆ తడి ఎక్కువైంది. నుదురంతా చెమట, తల పగిలిపోయే నొప్పి. మామూలుగా 90/60 ఉండే బీపీ 150/100 చూపించింది.

“ఏటైనాదమ్మా? మొహం అలాగ ఎర్రబడిపోనాదేటి?” అంటూ అత్త ఆమెను మంచం మీదకు చేర్చబోయింది.

“పడుకోబెట్టకండత్తా, కూకునే ఉంచండి. బట్టలు వదులు చేసి గొట్టం చూడండి.”

మూత్రం గొట్టం కుర్చీ చేతికీ దిండుకీ మధ్య నలిగి ఉంది. సరిచేయగానే మూత్రం కదిలింది, కాసేపటికి బీపీ దిగింది. అయినా 108కి ఫోన్ చేశారు, మంచి పని చేశారు.

దీన్ని అటానమిక్ డిస్‌రెఫ్లెక్సియా అంటారు. ఛాతీ ఆరో వెన్నుపూస దగ్గరగానీ ఆపైనగానీ దెబ్బతిన్నవాళ్లలో నిండిన మూత్రాశయం, మలబద్ధకం, పురిటినొప్పులు బీపీని ఒక్కసారిగా ఎగదోస్తాయి. మెదడులో రక్తస్రావం దాకా పోవచ్చు. గర్భిణుల్లో వచ్చే గుర్రపువాతానికి ముందుండే బీపీ అని పొరబడే ప్రమాదమూ ఉంది. పురిట్లో డిస్‌రెఫ్లెక్సియా బీపీ నొప్పితోపాటు ఎగసి, నొప్పి తగ్గాక దిగుతుంది; గుర్రపువాతం బీపీ సాధారణంగా అలా దిగదు.

నొప్పులు మొదలైనా ఆమెకు తెలియకపోవచ్చు. అందుకే రోజూ సాయంత్రం పొట్ట మీద చెయ్యి వేసి గట్టిపడుతోందేమో చూసుకుంటుంది. వెన్నుపాము దెబ్బ ఒక్కటే సిజేరియన్‌కు కారణం కాదు. నొప్పుల తొలిదశలోనే వెన్నులో ఎపిడ్యూరల్ మత్తు ఇస్తే బీపీ ఎగయకుండా ఆపొచ్చని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2020లో ఇచ్చిన సూచనల్లోనూ ఉంది.

కుర్చీల కులంలో ఒక పెద్ద పేరుంది. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలోంచే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. రాయవేలూరులో 1966లో పునరావాస కేంద్రం తెరుచుకోవడం వెనక ఆమె పట్టుదల ఉంది. ఈ కోడలిది కూడా అలాంటి మొండితనమే.

వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. వికలాంగ స్త్రీల పునరుత్పత్తి ఆరోగ్యం గురించీ అందులో రాసి ఉంది. ప్రతినెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. వచ్చే 9న ఈ కుర్చీ అక్కడికొస్తుంది. డాక్టరుగారూ, కేసు షీటు మొదటి పేజీలోనే దెబ్బ ఏ వెన్నుపూస దగ్గరో, ఆమె మామూలు బీపీ ఎంతో రాయండి.