దుమ్ము తాగిన డబ్బా

జీపు బానెట్ ఎత్తగానే అందరి చూపూ కార్బరేటర్ మీదికో డైనమో మీదికో పోతుంది. ఓ పక్కగా, నల్లరంగు వేసుకుని, మెడకు రబ్బరు గొట్టం తగిలించుకుని నిలబడ్డ గుండ్రటి డబ్బాను నేను. నా పేరు ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్. డ్రైవర్లకు మాత్రం ఉత్త నూనెడబ్బాను. ఇంజిన్ పీల్చే ప్రతి గుక్కా నాలోంచే పోవాలి. ఆ పని నా చేతికి ఎంత నమ్మకంతో అప్పగించారో, తరువాత నన్ను పట్టుకున్నవాళ్లలో చాలామందికి తెలియలేదు.

నా పుట్టుకలో చెప్పుకోదగ్గ గొప్పేమీ లేదు. రేకును గుండ్రంగా వంచి, అతికి, రంగు పూశారు. నన్ను బిగించిన బండి గురించి మాత్రం చెప్పాలి. అది సీజే త్రీ-బీ జీపు. అమెరికాలోని టొలీడోలో విల్లీస్ కంపెనీ 1953లో తెచ్చిన మోడలు. మన దేశంలో మహీంద్రా వాళ్లు తయారుచేశారు. యుద్ధకాలపు జీపు ఇంజిన్‌లో వాల్వులన్నీ బ్లాకులోనే ఉండేవి. ఈ జీపులోని హరికేన్ ఇంజిన్‌లో ఇన్లెట్ వాల్వులు పైకి, హెడ్డులోకి వచ్చాయి. దాంతో ఇంజిన్ ఎత్తు పెరిగింది, బానెట్టూ పెరిగింది. ఈ జీపు మొహం నిటారుగా కనబడేది అందుకే. నాలుగు సిలిండర్లు, 2,199 సీసీ, 72 గుర్రాల బలం.

నా మంచిరోజులు నాగార్జునసాగర్ కుడికాలువ మీద గడిచాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది. కాలువ తవ్వకంలో ఒక కంట్రాక్టరు గారి జీపు మాది. మాచర్ల, రెంటచింతల వైపు ఎండాకాలం ఎలా ఉంటుందో పల్నాడు వాళ్లను అడగండి. మట్టిలారీ ఒకటి ముందు పోయిందంటే దాని వెనక ఉన్న మాకు దారి కనపడేది కాదు. లోపల కూర్చున్నవాళ్లు తువ్వాలు ముక్కుకు చుట్టుకునేవాళ్లు. ఇంజిన్‌కు ఉన్న తువ్వాలును నేనే.

లెక్క చెబితే నా పని బరువు తెలుస్తుంది. ఒక లీటరు పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 9,000 లీటర్ల గాలి కావాలి. అంత గాలినీ నేను రోడ్డు మీది దుమ్ములోంచే తీసుకోవాలి. ఆ దుమ్ములో ఎక్కువ భాగం ఇసుకపొడి. అది సిలిండర్ ఇనుము కన్నా గట్టిది. పెద్ద రేణువుల కన్నా 5 నుంచి 20 మైక్రాన్ల సన్నరకంతోనే ముప్పు ఎక్కువ. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది. అందులో నాలుగోవంతో, ఇంకా తక్కువో ఉండే ఈ రేణువు పిస్టన్ రింగుకూ సిలిండర్ గోడకూ మధ్యనున్న పలచటి నూనెపొరలోకి దూరిందంటే రెండింటినీ గీకుతూనే ఉంటుంది.

దాన్ని నేను ఆపే తీరు ఇది. నా అడుగున గిన్నె, గిన్నెలో గీత దాకా నూనె. పైన తీగపీచు. గాలి నా పక్కల నుంచి వేగంగా కిందికి దిగి, నూనెను తాకేంత దగ్గరికి వచ్చి, ఒక్కసారిగా పైకి మళ్లుతుంది. కళ్లంలో తూర్పారబట్టేటప్పుడు గింజ నిలువునా పడి పొట్టు గాలితో పోయినట్టు, బరువున్న దుమ్ము ఆ మలుపు తిరగలేక నూనెలో పడుతుంది. మిగిలిన సన్నదుమ్ము, గాలితోపాటు లేచిన నూనె తుంపరలతో కలిసి తీగపీచుకు అంటుకుంటుంది. ఆ నూనె మళ్లీ కిందికి కారుతూ పీచును కడుగుతుంది. నాలో అరిగేది లేదు, పారేసేది లేదు. నాకు కావలసిందల్లా కడిగే చెయ్యి ఒకటి.

ఆ రోజుల్లో నాకు ఆ చెయ్యి దొరికింది. మా డ్రైవరు చదువుకోలేదు గానీ, సాయంత్రం బండి ఆపాక అన్నం తినకముందే బానెట్ ఎత్తేవాడు. నా గిన్నె దించి, చూపుడువేలు నూనెలోకి అడుగంటా పోనిచ్చేవాడు. గోరు మునిగేంత బురద తగిలితే చాలు, నూనె పారబోసేవాడు. గిన్నెను కిరసనాయిలుతో కడిగి గుడ్డతో తుడిచేవాడు. పీచుభాగాన్ని కిరసనాయిల్లో ముంచి జాడించి, ఆరేదాకా బోర్లించి పెట్టేవాడు. తరువాత ఇంజిన్‌లో పోసే నూనెనే గీత దాకా పోసేవాడు, చుక్క ఎక్కువ కాకుండా, చుక్క తక్కువ కాకుండా. పక్కబండ్ల వాళ్లు నవ్వితే, "రోజంతా మనబదులు మన్ను తిన్నది, దానికి స్నానం చేయించొద్దా?" అనేవాడు. కాలువ పని సాగినన్నాళ్లూ మా ఇంజిన్ బోరుకు రాలేదు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీటి వెనక ఉన్న శ్రమంతా మనుషులదే, నేనెరుగుదును. అయినా ఆ మట్టిలో నా వాటా నేను మింగాననే గర్వం ఇప్పటికీ ఉంది.

పని అయిపోయాక జీపు అమ్ముడుపోయింది. కొత్త యజమాని మిరపకాయల వ్యాపారి. చెడ్డవాడేమీ కాదు. బండికి పసుపు రాసేవాడు, దసరాకు గుమ్మడికాయ కొట్టించేవాడు, సీట్లకు కొత్త గుడ్డ వేయించాడు. బానెట్ కింద ఏముందో మాత్రం ఏనాడూ చూడలేదు. డ్రైవర్లు వస్తూ పోతూ ఉండేవాళ్లు. నా గిన్నె దించినవాళ్లే లేరు. గీత దాకా ఉన్నది నూనె కాదు, బురదగా మారింది. పైన పలచగా తేలే నూనెను చూసి, తక్కువైందనుకుని ఒకతను ఇంకా పోశాడు. గీత దాటిన నూనెను ఇంజిన్ కార్బరేటర్‌లోకి లాక్కుంది. వెనక నీలిపొగ. 'ఇంజిన్ పోయిందిరా' అన్నారు. ఇంజిన్ పోలేదు. నన్ను కడిగితే సరిపోయేది.

బండిని షెడ్డుకు తీసుకెళ్లారు. అక్కడ పనిచేసే కుర్రాడు నన్ను ఊడదీసి, ఊపిరి బిగబట్టి బరువు చూసి, "ఈ డబ్బా తీసేస్తే పికప్ అదిరిపోద్ది" అన్నాడు. యజమాని తలూపాడు. నిజంగానే ఆ రోజు బండి హుషారుగా పోయి ఉంటుంది, మూసుకుపోయిన ముక్కు తెరుచుకుంది కదా. కార్బరేటర్ నోటికి దోమతెర ముక్క ఒకటి తీగతో కట్టారు. అంతకన్నా పెద్ద అన్యాయం ఇంకొకటి జరిగింది. ఇంజిన్‌లో నూనె పోసే గొట్టం నుంచి నా దాకా ఒక సన్నపాటి గొట్టం ఉండేది. క్రాంక్‌కేసులోకి పోయే గాలి కూడా నా దగ్గర శుభ్రపడి వెళ్లాలని దాన్ని పెట్టారు. నేను పోయాక ఆ గొట్టం కొస గాలిలో వేలాడుతూ ఉండిపోయింది. దుమ్ముకు రెండో దారి, అదీ బేరింగుల దగ్గరికి, అలా తెరిచి ఇచ్చారు.

షెడ్డు మూల నాకు చోటు దొరికింది. పైభాగం పాత టైర్ల కింద పడింది. తుప్పు మెల్లగా ఎక్కింది. రంగు పొక్కులు లేచి రాలింది. గిన్నెను మాత్రం పనిలోకి తీసుకున్నారు. అందులో కిరసనాయిలు పోసి బోల్టులు, వాల్వులు, బేరింగులు కడిగేవాళ్లు. యజమాని దగ్గర ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కడగని గిన్నె అది. దానిలో ఊరందరి సామానూ శుభ్రపడింది.

ఒకరోజు ఆ గిన్నెలోకి నాలుగు పిస్టన్లు వచ్చాయి. చూడగానే ఆనవాలు పట్టాను. మావే. జీపు పొగ కొడుతోందని, నూనె తాగుతోందని, చలికి స్టార్ట్ కావడం లేదని తెచ్చి విప్పారు. పై రింగుల మొహం నిలువుగీతలతో నిండిపోయింది. గీరుడంతా సిలిండర్ పైభాగంలోనే ఎక్కువ. అక్కడ గోరుతో తాకితే మెట్టు తెలుస్తోంది. నూనెలోంచి వచ్చే మన్ను కింది నుంచి అరగదీస్తుంది. గాలితో వచ్చే మన్ను ముందు పై రింగునూ పైబోరునూ తింటుంది. నూనె గొట్టం నుంచి దూరిన మన్ను బేరింగులనూ వదల్లేదు. మేస్త్రి ఆ పిస్టన్ పట్టుకుని వెలుతురులో తిప్పి చూసి, "దీనికి ఎయిర్ క్లీనర్ ఏదయ్యా?" అని అడిగాడు. ఎవరూ పలకలేదు. నేను పక్కనే ఉన్నాను, నా గిన్నె ఆయన చేతికింద ఉంది. బోరు చేసి, ఓవర్‌సైజు పిస్టన్లు వేసి పంపించారు, మళ్లీ నేను లేకుండానే. ఆ ఇంజిన్ ఆయుష్షులో సగం అలా పోయిందని నా నిశ్చయం.

ఆ తరువాత జీపు చాలాకాలం పాకలో పడి ఉంది. వ్యాపారి మనవడు ఇటీవల దాన్ని బాగుచేయించడానికి అదే షెడ్డుకు తెచ్చాడు. హైదరాబాదులో ఉద్యోగం. పాతబండి అంటే ప్రాణం. అతని చేతిలో ఎర్రగా మెరిసే శంఖాకారపు ఫిల్టరు ఉంది.

"ఇది పెట్టుకుందాం మేస్త్రి గారూ. గాలి బాగా లాగుతుందంట."

"గాలి చాలట్లేదని ఎవరు చెప్పారు బాబూ మీకు?" అన్నాడు ముసలి మేస్త్రి.

ఆయన మట్టిలో వేలితో లెక్క వేసి చూపించాడు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకోసారి తన కొలత నిండా గాలి పీలుస్తుంది. 2.2 లీటర్ల ఇంజిన్ నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే 4,400 లీటర్లు. పూర్తిగా నిండదు గనుక నూటికి ఎనభై పాళ్లు వేసుకుంటే 3,500 లీటర్ల చిల్లర, అంటే 125 ఘనపుటడుగుల లోపు. "ఈ బండికి ముందున్న నూనెడబ్బా చేసినోళ్లు ఇదంతా చూసే చేశారు. అంతకన్నా గాలి పోయే ఫిల్టరు కొంటే బలం రాదు, మన్ను వస్తది."

మనవడు అన్ని రకాల ఫిల్టర్ల గురించీ అడిగాడు, మేస్త్రి అన్నిటికీ నిజమే చెప్పాడు. నూనె పూసిన నూలుగుడ్డ ఫిల్టరు గాలి ధారాళంగా వదులుతుంది, సన్నదుమ్మునూ కొంత వదులుతుంది. నూనె ఎండిపోతే మరీను. స్పాంజి ఫిల్టరు కొత్తలో మంచిదే. ఏళ్లు గడిస్తే, పెట్రోలు ఆవిరి తగిలితే పొడిపొడిగా రాలి ఆ ముక్కలే కార్బరేటర్‌లోకి పోతాయి. మడతల కాగితం ఫిల్టరు సన్నదుమ్మును నాకన్నా బాగా పడుతుంది. ఇది నేనూ ఒప్పుకుంటాను. ఇంజిన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు నాలో గాలివేగం తగ్గి, నా పట్టు సడలుతుంది. కాగితానికి ఆ ఇబ్బంది లేదు. దానికి కావలసిందల్లా పైనా కిందా గట్టిగా అదిమిపట్టే డబ్బా, వేళకు మార్చే యజమాని. గాలి కొట్టి దులపాలంటే లోపలి నుంచి బయటికి, మెల్లగా కొట్టాలి. బయటి నుంచి కొడితే మన్ను కాగితంలోకి ఇంకా దిగుతుంది. పక్కనే మరమ్మతుకు వచ్చిన పాత ఫియట్‌కు మేస్త్రి కాగితం ఫిల్టరే వేశాడు. ఆ బండి ఆదివారాలు నగరంలో తారురోడ్డు మీద తిరిగేది.

"మీరెక్కడ తిప్పుతారు బాబూ?"

"సెలవులకు ఊరికి తెస్తాను. పొలాల్లోకి కూడా."

మేస్త్రి లేచి టైర్లు పక్కకు జరిపాడు. నా పైభాగం, గిన్నె ఒకచోటికి చేరాయి. తుప్పు గీకించి, కిరసనాయిల్లో నానబెట్టి, పీచు విప్పదీసి కడిగి, అతుకు విడిచినచోట మళ్లీ అతికించాడు. కొత్త రబ్బరు వాషర్ వేశాడు, నూనె గొట్టానికి కొత్త కనెక్షన్ ఇచ్చాడు. గిన్నెలో నూనె పోసేటప్పుడు మనవడి చేతనే పోయించి, గీత దగ్గర ఆపమన్నాడు. వేలు అడుక్కు పెట్టి చూడటమూ నేర్పాడు. ఇప్పుడు నేను జీపులోనే ఉన్నాను.

పాతబండి ఇష్టంగా తెచ్చుకున్నవారికి నేను చెప్పేదొకటే. మీ బండి ఏ మట్టిలో తిరుగుతుందో, మీ చెయ్యి నెలకు ఎన్నిసార్లు బానెట్ కిందికి పోతుందో చూసుకుని ఫిల్టరు ఎంచుకోండి. మన్నుదారుల్లో తిరుగుతూ, కడిగే ఓపిక ఉంటే నాలాంటిదాన్ని ఉంచుకోండి. తారురోడ్డు బండి అయితే, కడగడం మీవల్ల కాదనుకుంటే, సరైన కొలత కాగితం ఫిల్టరు మంచి డబ్బాలో వేయించండి. పికప్ కోసం మాత్రం ఉన్నదాన్ని ఊడదీయకండి. కొత్తది కొనడానికి దుకాణానికి వెళ్లేముందు, ఫిల్టరుకూ కార్బరేటర్‌కూ మధ్యనున్న రబ్బరు గొట్టం విప్పి, లోపల తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు మన్ను అంటితే ముందు ఆ గొట్టమూ క్లిప్పులూ మార్చండి. అది చిరిగి ఉంటే ఏ ఫిల్టరు పెట్టినా ఒకటే.