పెద్ద కంపెనీలకు పింఛనివ్వండి

ఖరీదైన ఐస్‌క్రీములు, బిస్కెట్లు అమ్ముకుంటూ, డెలివరీ కుర్రాళ్లను పోగేసుకుంటూ ఇంకా దుకాణదారీయేనా అని వాణిజ్య మంత్రి హోదాలో పీయూష్ గోయల్ గారు 2025 స్టార్టప్ మహాకుంభ్‌లో పిల్ల కంపెనీలను గదమాయించారు. చైనావాళ్లు బ్యాటరీలు, రోబోలు చేస్తున్నారట. చేస్తున్నారు, కాదనలేం. కొత్తది కనిపెట్టే చాకిరీ పిల్లలదే అన్నాక, పెద్దల సంగతీ గెజిట్‌లో తేల్చెయ్యాలి. విలువ లక్ష కోట్లు దాటిన ప్రతి కంపెనీనీ వయోవృద్ధుడిగా ప్రకటించి పడక్కుర్చీ, పింఛను, ఏటా ఒక శాలువా ఇవ్వాలి. విదేశీ టెక్నాలజీకి లైసెన్సు కొనుక్కోవడాన్ని తీర్థయాత్రగా గుర్తించి రాయితీ కల్పించాలి. పరిశోధనకెంత పెట్టారని అడిగినవాడిపై పెద్దల్ని నిందించిన కేసు పెట్టాలి.

ఈ వృద్ధాప్యానికి విదేశాల్లో ఆధారాలున్నాయి. 1975లో స్టీవ్ సాసన్ అనే కుర్ర ఇంజినీరు డిజిటల్ కెమెరా చేసి చూపిస్తే, ఫిల్మ్ అమ్ముకుని బతికే కోడక్ పెద్దాయన దాన్ని అటకెక్కించాడు. తర్వాత దించాడు గానీ ఫిల్మ్ మీద మమకారం చావలేదు. 2012లో దివాలా పిటిషన్ వేశాడు. మరి బెల్ ల్యాబ్స్? అమెరికా టెలిఫోన్లను చాలావరకు గుప్పిట పెట్టుకున్నంత పెద్ద కంపెనీకి చెందిన ఆ ప్రయోగశాలే 1947లో ట్రాన్సిస్టర్‌ని కనిపెట్టిందే అంటారు. నిజమే. టెలిఫోన్ లైన్లలోని వాక్యూమ్ ట్యూబులు మాడిపోతే నష్టం ఆ కంపెనీదే, వాటి బదులు కొత్తవి వస్తే లాభమూ దానిదే. కోడక్‌కి మాత్రం కొత్తది వస్తే పాత గల్లాపెట్టె ఖాళీ అవుతుంది. కనిపెట్టడమా మానడమా అన్నది ఒంటి సైజు తేల్చదు, అవసరం తేలుస్తుంది. మన పెద్దల్లో చాలామందికి (కొన్ని మందుల కంపెనీలను మినహాయిద్దాం) ఆ అవసరమే పడలేదు. టెక్నాలజీ బయట దొరుకుతుంది, కొనేవాళ్లు ఇక్కడే ఉంటారు. 2020-21లో పరిశోధనపై దేశం చేసిన ఖర్చు జీడీపీలో 0.64 శాతం, అందులో ప్రైవేటు పరిశ్రమ వాటా మూడో వంతుకు కాస్త ఎక్కువ. చైనా ఖర్చు 2 శాతం దాటి చాలా కాలమైంది.

తిట్లు మాత్రం పిల్లలకు! 1993లో వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెడితే పెట్టుబడికి దిక్కయింది ఒమన్. ఆ చిన్న కంపెనీ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చి విదేశీ టీకాల ధర దించింది. ఆ తర్వాతైనా ప్రభుత్వాలకు బుద్ధి వచ్చిందా? చిన్న కంపెనీలో ఎవరైనా డబ్బు పెడితే, నిబంధనల ప్రకారం లెక్కగట్టిన విలువకు మించిన సొమ్మును ఆదాయమనే ఏంజెల్ ట్యాక్స్‌ను 2012లో తెచ్చి 2024 దాకా మోశారు. మినహాయింపు కావాలంటే కాగితాలు పట్టుకుని తిరగాల్సి వచ్చేది. అన్నం పెట్టకుండా పరుగెత్తమని కొట్టడాన్ని ప్రోత్సాహం అనరు. గోయల్ గారూ, వచ్చే సభకు ఆ లక్ష కోట్ల పెద్దల్నే పిలవండి. నిరుడు పరిశోధనకు ఎంత పెట్టారో ఒక్కొక్కరినీ మైకు ముందు చెప్పమనండి.