వంటగది కలదు

మా ఆయన ఏ ఊరు బయల్దేరినా ముందు ఆరా తీసేది వంటగది గురించి. గుడికి ఎంత దూరం, కిటికీలోంచి సముద్రం కనబడుతుందా, దోమలున్నాయా, ఇవన్నీ తరవాతి సంగతులు. అవతలివాళ్ళు ఫోనెత్తగానే "వండుకోడానికి వీలుందా అండీ?" అంటారు. ఉందంటే అద్దె ఎంతని కూడా అడగరు. లేదంటే, ఆ ఊళ్ళో దేవుడే లేడన్నట్టు ఫోను పెట్టేస్తారు.

ఇది పిసినారితనం కాదు. మా ఊరు కాశీబుగ్గలో ఆయన్ని ఆ మాట అన్నవాళ్ళెవరూ లేరు. ఆయన బాధంతా నాలుకతో. సెలవుల్లో ఊరు మారాలి, గాలి మారాలి, పక్కింటివాళ్ళు మారాలి. చారు మాత్రం మారకూడదు. ఆ చారు పెట్టే మనిషి అసలే మారకూడదు. ఆ మనిషిని నేను.

ఈ జబ్బు మా ఇంట్లో పుట్టింది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. వెంట సుమారు వందమంది పరివారం. తిరుగుదారిలో పూరీ జగన్నాథుణ్ణి చూసుకుని, గంజాం మీదుగా మా శ్రీకాకుళం వైపు నుంచే దక్షిణానికి సాగారు. దిగడానికి ఇళ్ళున్నాయా, నీళ్ళు మంచివేనా, అంగళ్ళలో సరుకులు దొరుకుతాయా, ఈ వివరాలన్నీ తన యాత్ర పుస్తకంలో మజిలీ మజిలీకి రాసిపెట్టారు. మా ఆయనకి ఆ పుస్తకం ప్రాణం. "చూశావా, అంతటి పెద్దమనిషే సరుకుల సంగతి రాశాడు" అంటారు. నేను మాత్రం అదే పుస్తకంలో ఆ సరుకుల్ని వండిన చేతుల కోసం వెతుక్కుంటూ ఉంటాను.

వందమంది పరివారం లేనివాళ్ళకి పూటకూళ్ళ ఇళ్ళుండేవి. గదీ అక్కడే, భోజనమూ అక్కడే. 1892లో తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో గురజాడ వారు విజయనగరం పూటకూళ్ళమ్మని రంగం మీదికి తెచ్చారు. గిరీశం ఆవిడ తిండి తిని, ఆవిడ డబ్బు కాజేసి తప్పించుకు తిరిగితే, ఆవిడ చీపురుకట్ట పట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది. ఈ రోజుల్లో అద్దె ఇళ్ళవాళ్ళు నచ్చని అతిథికి ఫోనులో నక్షత్రాలు తగ్గిస్తున్నారట. చీపురుకట్టే నయం. దెబ్బ ఎవరికి తగిలిందో వెంటనే తెలిసేది.

మా ఉద్దానంలో సెలవంటే పూరీయే. పలాసలో రైలెక్కితే ఇచ్ఛాపురం, బరంపురం, పక్కనే చిలికా సరస్సు, ఖుర్దా రోడ్, ఆపైన జగన్నాథం. పూరీలో బంగాళీ ఉద్యోగుల పుణ్యమా అని హాలిడే హోములు బోలెడు. కలకత్తా బ్యాంకులూ కంపెనీలూ తమవాళ్ళ కోసం పెట్టిన వసతులవి. గది, గదికో పొయ్యి, అడిగితే గిన్నెలు. బ్యాంకులో పనిచేసే మేనల్లుడి ద్వారా మా ఆయన అలాంటిదొకటి సంపాదించారు. ఇంక మా సామాను చూడాలి. కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, ఇంగువ, చిన్న కుక్కరు, ఆవకాయ జాడీ. బరంపురం అప్పడాలు కూడా కాశీబుగ్గలోనే కొని, బరంపురం మీదుగానే పట్టుకెళ్ళాం. దారిలో ఆ ఊరి స్టేషను రాగానే "ఇక్కడివేగా ఇవి?" అన్నాను. "ఇక్కడ దిగి కొంటే రైలు వెళ్ళిపోదూ?" అన్నారు. న్యాయమే.

ఇంతకీ పూరీలో ఉన్నదేమిటి? ప్రపంచంలోని అతిపెద్ద వంటశాలల్లో ఒకటి. శ్రీమందిరంలో వందల పొయ్యిలు. కట్టెల మంట మీద మట్టికుండలు ఒకదాని మీద ఒకటి పేర్చి వండుతారు. ఆ అన్నమూ పప్పూ కూరలూ మహాప్రసాదమై ఆనంద బజారులో అమ్ముడవుతాయి. అక్కడ ఫలానా కులమనీ ఫలానా తాహతు అనీ లేదు, ఎవరి పక్కన ఎవరైనా కూర్చుని తినొచ్చు. సర్వం జగన్నాథం అంటే ఏమిటో అక్కడ కళ్ళారా చూడొచ్చు. అంత వంటశాలకి కూతవేటు దూరంలో, స్వర్గద్వారం సందులో, రెండో అంతస్తులో నేను పప్పు మెదుపుతున్నాను.

"ఒక్కపూట ప్రసాదం తెచ్చుకుందామండీ" అని బతిమాలితే సరేనన్నారు. జగన్నాథుడి వంటలో ఉల్లీ వెల్లుల్లీ ఉండవు. బంగాళాదుంప, టమాటా, మిరపకాయ కూడా ఉండవు. మా ఆయన కళ్ళు మూసుకుని భక్తిగా రెండు ముద్దలు తిన్నారు. కళ్ళు తెరిచి, "అమృతం. ఆ ఆవకాయ జాడీ ఇలా అందుకో" అన్నారు.

పూరీలో ఇంకో వింత ఉంది. చాలా హోటళ్ళలో పొద్దున్న ఏడుకో ఎనిమిదికో గది ఖాళీ చెయ్యాలి. కలకత్తా రైళ్ళు తెల్లవారగానే జనాన్ని దింపుతాయి, వాళ్ళకి గదులు కావాలి మరి. మేం దిగినచోటా అదే పద్ధతి. బయల్దేరే రోజున జనమంతా సముద్రం మీద సూర్యోదయం చూస్తుంటే నేను కుక్కరు తోముతున్నాను.

ఇలా ఉండగా మా అబ్బాయికి ఫ్రాన్సులో ఉద్యోగమొచ్చింది. తులూజ్‌లో విమానాల కంపెనీ. "అమ్మా, రండి, పారిస్ కూడా చూపిస్తాను. అపార్ట్‌మెంట్ అద్దెకి తీశాను" అన్నాడు. నేను వీసా గురించి అడిగేలోగా వెనకనుంచి మా ఆయన గొంతు: "ఏటిరా, వంటగదుందా?" ఉందన్నాడు. ఆ రాత్రి మా ఆయన నిశ్చింతగా నిద్రపోయారు. నాకు నిద్ర పట్టలేదు.

సామాను దగ్గర యూరప్ వాళ్ళ నిబంధనలు అడ్డొచ్చాయి. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళు పాల పదార్థాలూ మాంసమూ తేకూడదు. అంటే నెయ్యి మానాలి. చేపలు మాత్రం సొంత వాడకానికి 20 కిలోల దాకా తేవచ్చు. ఇది చదివిన మా ఆయన ముఖం వెలిగిపోయింది. "అయితే ఎండు నెత్తళ్ళకి అడ్డు లేదన్నమాట!" అన్నారు. పారిస్ నడిబొడ్డున నెత్తళ్ళు వేపితే మనల్నే కాదు, మన రాయబారిని కూడా వెనక్కి పంపేస్తారని చెప్పి ఆపాను.

ఆ అపార్ట్‌మెంటు ఆరో అంతస్తులో, కప్పు కింద ఉంది. లిఫ్టు లేదు. మెట్లు మెలికలు తిరుగుతూ పైకి పోతాయి. ఇంటివారు కనబడలేదు. తాళంచెవి వీధిలో కమ్మీకి కట్టిన చిన్న పెట్టెలో ఉంది, అంకెలు నొక్కితే తెరుచుకుంటుంది. పైకెక్కాక మా అబ్బాయి చల్లగా చెప్పాడు: పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన ఈ మేడల్లో కింద దొరలుండేవారట, పైకప్పు కింది గదులు పనిమనుషులవట. ఇప్పుడు వాటినే బాగుచేసి అద్దెకిస్తున్నారు. అద్దెకిచ్చే ఇంట్లో కనీసం 9 చదరపు మీటర్ల గది ఉండాలని వాళ్ళ రూలు. మాది ఆ రూలుకి లోబడినదే, మరీ మించినది కాదు. పనిమనిషి గది, అందులో ఓ మూల స్టవ్వు, ఆ స్టవ్వు ముందు నేను. దొర మాత్రం మంచం మీద కూర్చుని "గది బాగుంది, అన్నీ చేతికి అందుతున్నాయి" అన్నారు. అందేవి ఆయనకి, అందించేది నేను.

బల్ల మీద ఇంటి నియమాల పుస్తకం. రాత్రి పది దాటాక చప్పుడు చెయ్యకూడదు. పసుపు మూత డబ్బాలో కాగితాలూ అట్టలూ ప్లాస్టిక్కూ, తెల్ల మూత డబ్బాలో గాజు సీసాలు, ఆకుపచ్చ మూత డబ్బాలో మిగిలిన చెత్త. వెళ్ళేముందు గిన్నెలు కడగాలి, చెత్త కిందికి మొయ్యాలి. ఇంత చేయించుకుని, ఇల్లు శుభ్రం చేసినందుకు రుసుము విడిగా. ఊడ్చే డబ్బు తీసుకుని మనచేతే ఊడిపించడం మా కాశీబుగ్గ లాడ్జీలవాళ్ళకి ఇంకా తట్టలేదు. దయచేసి ఎవరూ చెప్పకండి. దానికి తోడు రాత్రికింత అని యాత్రికుల పన్ను, 1910 నుంచీ ఉన్నదేనట. పారిస్‌వాళ్ళు కూడా ఈ అద్దెల గోలతో విసిగిపోయారు. ఊళ్ళో కాపురానికి ఇళ్ళు దొరకడం లేదని, సొంతంగా ఉంటున్న ఇంటిని యాత్రికులకి ఏడాదికి 90 రోజులకి మించి ఇవ్వకూడదని 2025 నుంచి కట్టడి చేశారు. అంతకుముందు 120 రోజులుండేది. వంటగదులకీ అలాంటి చట్టమొకటి చేస్తే నేను స్వయంగా వెళ్ళి దండ వేసి వద్దును.

మర్నాడు మధ్యాహ్నం పోపు పెట్టాను. ఫ్రెంచివాళ్ళకి ఆవాలు తెలియనివి కావు. దిజాన్ ఆవముద్ద జగత్ప్రసిద్ధం. కానీ వాళ్ళు ఆవాల్ని నూరుతారు, పేల్చరు. నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిరపకాయ వేశాను, ఇంగువ పడింది. అంతే, నెత్తిమీద తెల్లటి డబ్బా ఒకటి గుండెలు బాదుకుంటూ ఏడుపందుకుంది. 2015 మార్చి నుంచి ఆ దేశంలో ప్రతి ఇంట్లో పొగని పసిగట్టే యంత్రం ఉండి తీరాలి. ఏ పొగైతేనేం, దానికి ఒకటే. మా ఆయన కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతున్నారు, మా అబ్బాయి కిటికీ తెరుస్తున్నాడు, నేను దగ్గుతున్నాను. ఇంతలో తలుపు చప్పుడు. కింది అంతస్తు పెద్దమనిషి పరుగున వచ్చి, రొప్పుతూ, ముందు "బోంజూర్" అన్నారు. మేమూ ముగ్గురం "బోంజూర్" అన్నాక, ఇల్లు తగలబడుతోందా అని అడిగారు. ఆ దేశంలో మర్యాద అలాంటిది. పలకరింపు అయ్యాకే ప్రాణభయం.

ఆ పూటకి పొయ్యి ఆరిపోయింది. ఆ పొగయంత్రాన్ని కనిపెట్టిన మహానుభావుడికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. తిండికి బయటికెళ్ళక తప్పలేదు.

తీరా దిగేసరికి మూడయింది. ఫ్రెంచివాళ్ళ భోజనానికి 2010లో యునెస్కో గుర్తింపొచ్చింది. కానీ ఆ గుర్తింపు పొందిన భోజనం మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండింటి దాకా, మళ్ళీ రాత్రి ఏడు దాటాకే. మధ్యలో ఆకలేస్తే అది మీ సొంత విషయం. కాశీబుగ్గ బస్టాండు దగ్గర ఏ వేళకెళ్ళినా వేడి బజ్జీలో ఇడ్లీలో దొరుకుతాయి, వాటికి యునెస్కోతో పని లేదు. ఏడున్నర దాకా వీధులు కొలిచి, చివరికి ఓ రెస్టారెంటులో కూలబడ్డాం.

ముందుగా చిన్న గిన్నెలో జీడిపప్పు తెచ్చిపెట్టారు. మా ఆయన ఒక గింజ దీపానికెత్తి చూసి, "320 రకం" అని తీర్పిచ్చారు. అంటే పౌనుకి సుమారు 320 గింజలు తూగే రకం. పలాస వైపు ఈ లెక్కలు పిల్లలకి కూడా వచ్చు. "మనదేనా, వియత్నాందా?" అని మా అబ్బాయి అడిగితే, "తిని చెప్తాను" అని గిన్నె ఖాళీ చేశారు. చెప్పలేదు. ఆ గింజ మీద పొర ఒలిచింది మాత్రం ఎక్కడో ఒక ఆడమనిషే అయుంటుందని నాకు తెలుసు. మా ఊరి జీడి కార్ఖానాల్లో ఆ పని చేసేవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళే.

రొట్టె, కుళాయి నీళ్ళు భోజనంతో ఉచితం. 1967 నుంచీ అదే పద్ధతి. సర్వీసు కూడా ధరలోనే కలిసి ఉంటుంది, టిప్పు మన దయ. ఇది విన్న మా ఆయన రొట్టెబుట్ట మూడోసారి నింపించారు. వంకాయ, టమాటా, క్యాప్సికం కలిపి వండిన రతతూయ్ వచ్చింది. ఆయన రుచి చూసి, "అన్నీ ఉన్నాయి, పోపొక్కటే లేదు" అన్నారు. నేనేమీ అనలేదు. తింటున్నాను. ఒకరు తెచ్చిపెట్టారు, ఒకరు పళ్ళాలు తీశారు, లోపలెక్కడో ఒకరు కడుగుతున్నారు. రెండు గంటలు కుర్చీలోంచి లేవలేదు. అడిగేదాకా బిల్లు తేకపోవడం అక్కడి మర్యాదట, నేను ఎవర్నీ అడగనివ్వలేదు. మిగిలింది అడిగితే కట్టివ్వాలని 2021 జులై నుంచి చట్టముంది, కానీ కట్టించుకోడానికి నేనేమీ మిగల్చలేదు.

కాశీబుగ్గ వచ్చాక మా ఆయన ఓటమి ఒప్పుకోకుండా పెద్ద ప్రమాణం తెచ్చారు. "పూరీలో వంట సాక్షాత్తూ లక్ష్మీదేవే చేస్తుందంటారు. నీకేటి కష్టం?"

నేను ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. "చేస్తుంది. మరి రథయాత్రకి స్వామి అన్నగారినీ చెల్లెల్నీ వెంటపెట్టుకుని గుండిచా మందిరానికి వెళ్తాడు కదా, ఆవిణ్ణి ఇంట్లో వదిలేసి? హేరాపంచమి నాడు ఆవిడ పల్లకీలో వెళ్ళి ఏం చేస్తుందో తెలుసా? ఆయన రథం ముక్క విరగ్గొట్టి వస్తుంది. ఆయన తిరిగొచ్చాక తలుపేసేస్తుంది. రసగుల్లాలిచ్చి బతిమాలుకుంటే గాని స్వామికి గుళ్ళోకి దారి లేదు" అన్నాను. మా ఆయన వీధిలో ఉన్న స్కూటరు వైపు ఒకసారి చూసుకున్నారు.

నిజం చెప్పాలంటే వంటగది మీద నాకు పగ లేదు. షుగరున్నవాళ్ళకీ, పసిపిల్లలున్నవాళ్ళకీ, పారిస్ ధరలు చూసి కళ్ళు తిరిగినవాళ్ళకీ అది అవసరమే. మగవాళ్ళకి వంట రాదన్నది కూడా అబద్ధం. కార్తీకమాసంలో ఉద్దానం తోటల్లో వనభోజనాలు చూడండి. ఇదే మగవాళ్ళు గాడిపొయ్యి తవ్వి, కొబ్బరిచెట్ల నీడన ఊరంతటికీ పులిహోర కలుపుతారు, పనసపొట్టు కూరకి ఆవ పెడతారు. నలుగురూ చూస్తుంటే వంటొచ్చు, నాలుగు గోడల మధ్య రాదు.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, ఈ వేసవికి పూరీ వెళ్ళినా, పారిస్ వెళ్ళినా, ఇల్లు చూసుకునేటప్పుడు 'వంటగది కలదు' అని కనబడితే సంతోషించండి. డబ్బు కట్టేముందు మాత్రం వండేవాళ్ళ పేరు కాగితం మీద రాయించి, కింద సంతకం పెట్టించుకోండి.