పోయేకాలం గాలి

మా బావమరిదికి సముద్రం పిచ్చి పట్టింది. ఉండేది హైదరాబాదులో కనక ఇందులో వింతేమీ లేదు. వెయ్యి కిలోమీటర్ల తీరం ఉన్న ఆంధ్రలో సరదాకి తిరిగే తెరచాప పడవ కంటబడాలంటే నేవీ వాళ్ళ దయ ఉండాలి. చుక్క ఉప్పునీరు లేని తెలంగాణలో మాత్రం హుస్సేన్‌సాగర్ మీద సెయిలింగ్ క్లబ్బులున్నాయి, వానాకాలం పోటీలున్నాయి. మావాడు అక్కడ నాలుగు ఆదివారాలు బుద్ధుడికి ప్రదక్షిణలు చేసి, ఐదో ఆదివారం నాకు ఫోను చేశాడు.

"బావా, భీమిలి నుంచి నిజాంపట్నం దాకా తెరచాప మీద పోదాం. రోజుకో చేపల రేవు. సాయంత్రం లంగరు, చేపల పులుసు, పొద్దున్నే మళ్ళీ ప్రయాణం. ఫ్రాన్సులో బ్రిటనీ తీరమంతా ఇలాగే తిరుగుతార్ట."

పులుసు మాట వినగానే నాకు ఒప్పుకోవాలనిపించింది. కానీ కోస్తాలో పుట్టినవాణ్ణి గదా, గాలి సంగతి అడిగాను. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా పడుకుని ఉంటుంది. వేసవిలో గాలి నైరుతి నుంచి తీరం వెంబడే వీస్తుంది, అంటే సరిగ్గా మన ముక్కు మీదికి. మాఘం నుంచి వైశాఖం దాకా నీటి వాలు కూడా ఉత్తరానికే. అక్టోబరు దాటితే గాలీ నీరూ రెండూ దక్షిణానికి తిరుగుతాయి, తెరచాప ఎత్తితే చాలు. తుఫాన్లు కూడా సరిగ్గా అప్పుడే వస్తాయి. దక్షిణానికి పోయే కాలం అదొక్కటే బావా అని వాడన్నాడు. దాన్ని మన పెద్దలు కలిపి ఒకే మాటగా అంటారని చెప్పాను.

సరే, సంక్రాంతి వెళ్ళాక అనుకున్నాం. రేవుల జాబితా రాద్దామని కూచున్నాం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన చిన్న రేవుల్లో చాలావాటికి గోడలూ ఉండవు, జెట్టీలూ ఉండవు. నది సముద్రంలో కలిసే మొగ ఉంటుంది. దాని నోట్లో ఇసుక మేట. ఆ మేట ఈ ఏడు ఇక్కడుంటే వచ్చే ఏడు అవతల. ఫైబర్ పడవ పోటు చూసుకుని ఒక్క ఉదుటున దాటేస్తుంది. తెరచాప పడవకి అడుగున బరువుగా ఒక రెక్క ఉంటుంది. అది లేకపోతే గాలికి పడవ పల్టీ కొడుతుంది, ఉంటే ఇసుకలో దిగబడుతుంది. ఏదో ఒకటి ఎంచుకోవాలి.

కొత్త హార్బర్లు కట్టేస్తున్నారు కదా అన్నాడు. కట్టేస్తున్నారు. ఉప్పాడ, మచిలీపట్నం, నిజాంపట్నం, జువ్వలదిన్నె మొదటి విడత. బూడగట్లపాలెం, పూడిమడక, బియ్యపుతిప్ప, వాడరేవు, కొత్తపట్నం రెండో విడత. ఇందులో వాడరేవు నాకు ప్రత్యేకంగా ముచ్చట. వాడ అంటే ఓడే. పేరులో రేవు పెట్టుకున్న ఊరికి కూడా రేవు రెండో విడతలోనే రాసిపెట్టి ఉంది. మన దగ్గర శంకుస్థాపనకి ఇసుక మేట ఎన్నడూ అడ్డు రాదు. శంకుస్థాపన రోడ్డు మీదుగా వస్తుంది.

అనుమతి కోసం ఒక ఆఫీసుకి వెళ్ళాం. ఫారం చేతికిచ్చారు. ఇంజను ఎన్ని గుర్రాలు? సున్నా అని రాశాడు మావాడు. సున్నాని కంప్యూటర్ తీసుకోదన్నారు. దేనికి వెళ్తున్నారు? వేట, సరుకు, ప్రయాణికులు అని మూడు గడులున్నాయి. 'ఊరికే' అన్న గడి లేదు.

"వేట అని రాసెయ్యండి సార్," అన్నాడు గుమాస్తా జాలిపడి.

"రాస్తే?"

"వల చూపించాలి."

వాళ్ళనీ తప్పు పట్టలేం. 2008లో ముంబయి మీదికి దాడికి వచ్చినవాళ్ళు కుబేర్ అనే చేపల పడవనే పట్టుకుని వచ్చారు. అప్పట్నుంచి పడవ కనిపిస్తే అనుమానించడం ఉద్యోగమైంది. మరి పని మీద వెళ్ళేవాడి కంటే ఊరికే వెళ్ళేవాడి మీద అనుమానం ఎక్కువ ఉండదూ! 2017లో తారిణి అనే తెరచాప పడవ మీద ఆరుగురు నేవీ ఆడపిల్లలు బయల్దేరి 254 రోజుల్లో భూమి చుట్టి వచ్చారు. అందులో విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య మన తెలుగు పిల్లలే. ఫాక్లాండ్ దీవుల్లో కూడా లంగరేశారు. పూడిమడకలో వేసి ఉంటే ఏ గడిలో టిక్కు పెట్టేవాళ్ళో!

పూడిమడక దాకా కారులో వెళ్ళి ఒక పెద్దాయన్ని కదిపాం. వల బాగుచేసుకుంటున్నాడు.

"తెరసాపా? మా తాతకాలం నాటిది బాబూ. ఆ కష్టం పడలేకే గదా మెషీను కొన్నాం. వేటకెళ్తన్నారా?"

"కాదు, ఊరికే. రేవులు చూద్దామని."

ఆయన సూది ఆపి మావాడి వంక కాసేపు చూశాడు. "రోడ్డుంది గదా," అన్నాడు. తర్వాత, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట బందని, ఇంజను లేని పడవకి ఆ నిషేధం లేదని, అప్పుడొస్తే లంగరుకి జాగా దొరుకుతుందని చెప్పాడు. ఈ వ్యవహారం మొత్తంలో మాకు పనికొచ్చిన సలహా అదొక్కటే. గాలి ముక్కు మీదికొచ్చే నెలలు కూడా అవే అనుకోండి.

చివరికి కారులోనే దక్షిణానికి దిగి, చీరాల దాటి మోటుపల్లి చేరాం. అక్కడ 1244 నాటి గణపతిదేవుడి అభయ శాసనం ఉంది. గాలివానకి దారితప్పి, పడవ పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చినవాళ్ళ సొత్తంతా అంతకుముందు రాజులు లాగేసుకునేవారట. ఈయన మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప పైసా ముట్టనని రాతి మీద రాయించాడు. సుంకం ముప్ఫయిలో ఒక వంతు. ఇంజను ఎన్ని గుర్రాలని అందులో అడగలేదు. నిజం గుర్రాలు పడవల్లో దిగుమతైన రోజులవి, అయినా అడగలేదు.

ఆ శాసనాన్ని తర్వాత ఎవరూ రద్దు చేసినట్టు నాకు కనబడలేదు. తెరచాప పడవ కొనే ఉద్దేశం ఉన్నవాళ్ళు ఒక నకలు తీయించి దగ్గర పెట్టుకోండి.