గెలిస్తే నేరం, పోగొట్టుకుంటే వినోదం

ఆటల విషయంలో మన దేశంలో ఒక గొప్ప న్యాయసూత్రం స్థిరపడింది. ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడితే తిరిగి డబ్బు వచ్చే వీలుందా? అయితే అది జూదం, నేరం, సమాజానికి పట్టిన చీడ. డబ్బు పెట్టినా పైసా వెనక్కి వచ్చే వీలే లేదా? అయితే అది వినోదం, సృజనాత్మక పరిశ్రమ, యువతకు బంగారు భవిష్యత్తు. పోగొట్టుకోవడం ఖాయమైతే ఎవరికీ అభ్యంతరం లేదు. ఒక రూపాయి గెలుస్తామేమోనన్న ఆశ ఉంది చూశారూ, అదీ అసలు నేరం.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం. మామూలు మనిషి పెట్టుకున్న అర్జీ ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి పోవడానికి పట్టే టైములో దేశానికి కొత్త చట్టమే వచ్చేసింది. డబ్బులాటలు నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. వాటి ప్రకటనలకు రెండేళ్లు, 50 లక్షలు. నైపుణ్యమా, అదృష్టమా అన్న పాత వాదన చెల్లదు. ఈ-స్పోర్ట్స్‌కూ సోషల్ గేమ్స్‌కూ మాత్రం ప్రోత్సాహం. రమ్మీ యాప్‌లు మూతపడ్డాయి, క్రికెట్ టీము జెర్సీ మీద స్పాన్సర్ పేరు పోయింది. మంచిదే. రమ్మీని నేను వెనకేసుకు రాను. దాని పుణ్యమా అని పొలం పత్రాలు చేతులు మారిన ఇళ్లు మా వైపూ ఉన్నాయి.

నైపుణ్యం, అదృష్టం అనే ఈ పంచాయితీ పుట్టింది కూడా మన దగ్గరే. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతుంటే పోలీసులు పట్టుకున్న కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ అని 1968 నాటి కేసుగా లాయర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మూడు ముక్కలాట అదృష్టం మీద నడుస్తుంది, రమ్మీలో పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అందులో ముఖ్యంగా ఉన్నది నైపుణ్యమే అని కోర్టు చెప్పింది. ఆ ఒక్క మాట మీద యాప్ కంపెనీలు ఏళ్ల తరబడి బతికాయి. 2017 జూన్‌లో తెలంగాణ ఆ వెసులుబాటు తీసేసింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబర్ దాకా తీయలేదు. ఆ మూడేళ్లూ తెలంగాణ అంచున, గద్వాల జిల్లాలో ఉన్న మా వడ్డేపల్లి మండలం వాళ్లకు భలే సౌకర్యం. అలంపూర్ చౌరస్తాలో నేరస్థుడిగా నిలబడ్డవాడు పుల్లూరు టోల్‌గేటు దాటి తుంగభద్ర బ్రిడ్జి మీదుగా కర్నూలులో దిగేసరికి నైపుణ్యం గల క్రీడాకారుడైపోయేవాడు. చేతిలో అదే ఫోను, అవే పదమూడు ముక్కలు.

సరే, ఇప్పుడు నది రెండు గట్లకూ ఒకే చట్టం. మరి పిల్లల ఫోన్లలో తెరుచుకుంటున్న పెట్టెల, అదే 'లూట్ బాక్సుల' సంగతేంటి?

నేను ఆటలంటే గిట్టనివాణ్ని కాదు. రాత్రి పదకొండింటికి ఫోన్‌లో తుపాకుల ఆటకు స్క్వాడ్‌లో నాలుగో మనిషి తక్కువైతే మా శాంతినగర్ కుర్రాళ్లు ఫోన్ చేసేది నాకే. అందుకే ఈ పెట్టెల గురించి తెలుసు. ఆట ఉచితం. దిగడం, పరిగెత్తడం, కాల్చడం, చావడం అన్నీ ఉచితం. కానీ ఒంటి మీద మంచి బట్ట, తుపాకీకి మెరుపు కావాలంటే డబ్బిచ్చి ఆటలో నాణేలు కొనాలి, ఆ నాణేలతో పెట్టె కొనాలి. పెట్టెలో ఏముందో తెరిచాకే తెలుస్తుంది. 2006లో ఒక పెద్ద ఆటలో గుర్రానికి కవచం అని రెండున్నర డాలర్లకు అమ్మితే ప్రపంచంలోని గేమర్లంతా తిట్టిపోశారు. ఈ రోజు తల్చుకుంటే ఆ అమ్మినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. గుర్రం కవచానికి డబ్బులిస్తే గుర్రం కవచమే వచ్చేది కదా!

శాంతినగర్‌లో ఒక మొబైల్ షాపు కౌంటర్ దగ్గర నిలబడితే ఈ పరిశ్రమ మొత్తం కళ్లకు కడుతుంది. బడి యూనిఫాం మీదున్న పిల్లాడు, పదమూడేళ్లుంటాయి, మడిచిన నోట్లు తీసి పరిచాడు. పదులు, ఇరవైలు, రెండు యాభైలు. ఒకదాని మీద పసుపు మరక. ఏ వంటింటి డబ్బాలోంచి వచ్చిందో వేరే చెప్పాలా?

"అన్నా, ఐదునూర్ల కోడ్ ఇయ్యి."

"మీ నాయనకు ఎరుకేనా?"

"మా నాయనే ఇచ్చినాడన్నా."

షాపతను నోట్లు లెక్కపెట్టుకుని కోడ్ పంపాడు. పిల్లాడు అక్కడే నిలబడి అది కొట్టాడు, నాణేలు వచ్చాయి, పెట్టె నొక్కాడు. తెర మీద డ్రెస్సులూ తుపాకులూ వరసగా ఉన్నాయి, వాటి మీంచి ఒక వెలుతురు ఉరకడం మొదలుపెట్టింది. వేగం తగ్గింది. ఎర్రటి డ్రెస్ మీద ఒక్క క్షణం తచ్చాడింది. పక్కకు జరిగి పారాచూట్ రంగు మీద ఆగింది. "కొంచెంల పోయిందన్నా!" అని వాడు నా మొహం చూశాడు. మళ్లీ నొక్కాడు. నాలుగైదు నిమిషాల్లో పసుపు మరక నోటుతో సహా అన్నీ అయిపోయాయి.

కొంచెంలో ఏమీ పోలేదు. వాడు నొక్కిన క్షణానే ఫలితం సర్వర్‌లో తేలిపోయింది. వెలుతురు ఉరకడం, ఆగబోయి జరగడం, అదంతా తర్వాత వేసే నాటకం. అయినా ఇది జూదం కిందికి రాదట. వాడికి డబ్బు వచ్చే వీలు లేదు కదా మరి!

దీన్ని సమర్థించేవాళ్ల తెలివితేటలు వింటే ముచ్చటేస్తుంది. 2019 జూన్‌లో బ్రిటన్ పార్లమెంటు కమిటీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ ప్రతినిధిని ఈ పెట్టెల గురించి అడిగింది. మేము వాటిని లూట్ బాక్సులని పిలవం, 'సర్‌ప్రైజ్ మెకానిక్స్' అంటాం అని ఆమె చెప్పారు. పిల్లలు బొమ్మ దాగున్న చాక్లెట్ గుడ్డు కొనుక్కోవడం లేదా, ఇదీ అంతే, నీతిగానే ఉంది, సరదాగానూ ఉంది అని సెలవిచ్చారు. ఆ కంపెనీకి మన హైదరాబాద్‌లోనూ పెద్ద ఆఫీసుంది. ఈ లెక్కన పేకాట క్లబ్బుల వాళ్లు అనవసరంగా లాఠీదెబ్బలు తిన్నారు. 'ఆశ్చర్యానంద కేంద్రం' అని బోర్డు రాసుకుంటే సరిపోయేది.

ఇంకో వాదన ఉంది. అవి వట్టి బట్టలే, ఆటలో బలం పెరగదు, ఇష్టం లేకపోతే కొనకండి అని. ఈ మాట ఇంకెక్కడైనా చెప్పండి గానీ గద్వాల జిల్లాలో చెప్పకండి. నూలు చీరకు పట్టు అంచు తగిలిస్తే మనిషికి ఏ బలమూ పెరగదు. అయినా ఇక్కడి మగ్గాలు ఆడుతున్నాయి, పెళ్లిళ్లకు జనం వెతుక్కుంటూ వస్తున్నారు. బట్ట ఎందుకు కడతారో మాకు కంపెనీలు నేర్పనక్కర్లేదు. వాటికీ బాగా తెలుసు కాబట్టే అమ్ముతున్నాయి. మామూలు డ్రెస్‌తో దిగిన పిల్లాణ్ని మైకులో తోటిపిల్లలు "ఒరేయ్ బాట్‌గా" అని పిలుస్తారు. బాట్ అంటే కంప్యూటర్ ఆడించే బొమ్మ. వాడెంత బాగా కాల్చినా బాటే. ఆ పిలుపు ఖరీదు కౌంటర్ మీద ఇందాక చూశాం.

అవకాశాల శాతాలు చూపిస్తున్నాం కదా అనేది మూడో సమర్థన. చూపిస్తున్నారు, నాలుగు మెనూలు దాటి చిన్న అక్షరాల్లో. మా చిన్నప్పుడు కిరాణా కొట్లో అట్టకు చీటీలు అంటించి వేలాడదీసేవారు. పావలా ఇచ్చి చీటీ చింపితే లోపల నంబరు, నంబరును బట్టి బుడగో బొమ్మో. అది జూదమే, కాదనను. కానీ అట్ట మీద నూరు చీటీలుంటే, చిరిగిన ప్రతి చీటీతో పెద్ద బహుమతి దగ్గరయ్యేది. తొంభై అయ్యాక చింపేవాడు అదృష్టవంతుడు. చాలా పెట్టెల్లో అట్ట ఎప్పటికీ కొత్తదే. నువ్వు చింపిన చీటీ మరుక్షణం మళ్లీ అంటుకుంటుంది. ఒక శాతం అవకాశమంటే నూరు సార్లకు ఒకసారి కచ్చితంగా వస్తుందని పిల్లలు నమ్ముతారు. లెక్క వేయండి. నూరు మంది తలా నూరు సార్లు తీస్తే, సుమారు 37 మందికి ఒక్కసారీ రాదు.

కొట్టు శెట్టి పెద్ద బహుమతి చీటీని ముందే తీసేశాడని అప్పట్లో మాకు అనుమానం ఉండేది. దక్షిణ కొరియాలో నెక్సాన్ కంపెనీ మీద ఆ అనుమానమే నిజమని తేలింది. వాళ్ల మేపుల్‌స్టోరీ ఆటలో జనం ఎగబడే కొన్ని కలయికలు వచ్చే అవకాశాన్ని చెప్పాపెట్టకుండా సున్నా చేశారు. సున్నా కోసం జనం ఏళ్లపాటు డబ్బు కట్టారు. 2024 జనవరిలో అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ 1,160 కోట్ల వోన్‌ల జరిమానా వేసింది, మన లెక్కలో సుమారు 70 కోట్ల రూపాయలు. ఆ మార్చి నుంచి శాతాలు చెప్పి తీరాలని అక్కడ చట్టం కూడా అమల్లోకి వచ్చింది. అంతకు చాలా ముందే, 2012లో, జపాన్ ఇందులో ఒక రకాన్ని ఆపించింది. బెల్జియం 2018లో ఇది జూదమేనని తేల్చేసింది. అమెరికాలో గెన్షిన్ ఇంపాక్ట్ కంపెనీ 2025 జనవరిలో రెండు కోట్ల డాలర్లు కట్టి, పదహారేళ్ల లోపు వాళ్లకు తల్లిదండ్రుల అనుమతి లేకుండా పెట్టెలు అమ్మనని ఒప్పుకుంది.

మనమేం చేశాం? 2020 సెప్టెంబర్ 2న పబ్జీని నిషేధించాం, చైనా యాప్ అని. ఆటలో ఏముందన్నది ఆ రోజు ప్రశ్నే కాదు. అక్టోబర్ 30న సర్వర్లు ఆగాయి. డబ్బు పెట్టి కొన్న చొక్కాలన్నీ ఎనిమిది నెలలు గాల్లో వేలాడాయి. 2021 జూలైలో అదే ఆట బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది. పిల్లల మనసు పాడవకుండా అందులో నెత్తురుకు పచ్చరంగు వేశారు. ఇంకా పెద్ద జాగ్రత్త వింటారా? పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లు రోజుకు 7,000 రూపాయలకు మించి ఖర్చు పెట్టరాదని కంపెనీయే నియమం పెట్టుకుంది. నెలకు కాదు, రోజుకు. మా వైపు సీడు పత్తి చేలల్లో పూలకు క్రాసింగ్ చేసే కూలి మనిషి 7,000 కళ్లచూడాలంటే ఎన్ని రోజులు నడుం వంచాలో ఆ నియమం రాసినాయన ఒకసారి వచ్చి చూస్తే బాగుండు. నెత్తురు ఎర్రగా ఉంటే పిల్లాడు చెడిపోతాడు, రోజుకు ఏడు వేలు ఊడ్చుకుపోతే చెడిపోడు. ఎంత సున్నితమైన మనసులు!

రమ్మీకి ప్రకటన చేస్తే రెండేళ్ల జైలన్నాం కదా. యూట్యూబ్‌లో వేలకు వేలు పోసి పెట్టెలు తెరుస్తూ, డ్రెస్ పడగానే కుర్చీలోంచి లేచి అరిచే తెలుగు స్ట్రీమర్లకు ఏ సెక్షనూ అడ్డు రావడం లేదు. చూసే పిల్లలు సంపాదించుకునే వయసుకు ఇంకా పదేళ్లు దూరం. ఈ-స్పోర్ట్స్ ప్రోత్సాహం అనే గొడుగు కింద ఇదంతా చల్లగా సాగిపోతోంది. ఈ-స్పోర్ట్స్ మంచిదే, మా కుర్రాళ్ల గురి చూస్తే నాకూ గర్వమే. గురి చూసి కాల్చడానికీ పెట్టె తెరవడానికీ సంబంధమేంటో మాత్రం ఎవరూ చెప్పరు.

కంపెనీలను నేను అడిగేది చిన్న కోరిక. బట్టలు అమ్ముకోండి. ఎర్ర డ్రెస్ ఇంత, తుపాకీ మెరుపు ఇంత అని ధర రాసి అమ్మండి, స్తోమత ఉన్నవాడు కొనుక్కుంటాడు. చట్టం చేసేవాళ్లు, డబ్బు తిరిగి వస్తుందా అని అడిగినట్టే, డబ్బు తీసుకుని ఏమిస్తున్నారో ముందే చెబుతున్నారా అని కూడా అడగండి. చట్టంలో ఆ ఒక్క ప్రశ్న చేర్చడానికి మూడు రోజులు కూడా పట్టదు, మీ వేగం ఆగస్టులో చూశాం.

ఈలోగా తల్లిదండ్రులకు ఒక మాట. ప్లే స్టోర్ సెట్టింగుల్లో, ఏది కొన్నా పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు ఉంది. ఈ రోజే ఆన్ చేయండి. చేయడం తెలియదని ఫోన్ పిల్లాడి చేతికే ఇచ్చి, పెట్టమని మాత్రం అనకండి.